కంపెనీ కట్టడం, ఊరి స్టేషన్: అమెరికా పట్టణాల రైల్వే డిపోలపై ఒక సమీక్ష

అమెరికా రైల్వే స్టేషన్ల వాస్తుచరిత్ర రాసినవారిలో ఎక్కువమంది చూపు మహానగరాల మీదే నిలిచింది. డేనియల్ బర్నమ్ రూపకల్పనలో 1907లో తెరుచుకున్న వాషింగ్టన్ యూనియన్ స్టేషన్, న్యూయార్క్‌లో 1910 నాటి పెన్సిల్వేనియా స్టేషన్, 1913 నాటి గ్రాండ్ సెంట్రల్ టెర్మినల్, 1939లో ప్రారంభమైన లాస్ ఏంజిలిస్ యూనియన్ స్టేషన్ ఏ గ్రంథంలోనైనా ముందు వరుసలో కనిపిస్తాయి. ఆ కట్టడాల గొప్పతనాన్ని కాదనవలసిన పని లేదు. అయితే వాటిలో చాలావాటికి ప్రేరణ ఐరోపా నుంచే వచ్చింది, పెన్సిల్వేనియా స్టేషన్ ప్రధాన మందిరానికి ప్రాచీన రోములోని కారకల్లా స్నానశాల నమూనా అన్నది అందరూ ఎరిగిన సంగతే. అమెరికా నేల మీద పుట్టి, అక్కడి అవసరాలకే ఒదిగి, వేల సంఖ్యలో విస్తరించిన కట్టడం మాత్రం చిన్న పట్టణపు డిపో, అంటే ప్రయాణికులకూ సరుకులకూ టెలిగ్రాఫ్‌కూ కలిపి పట్టాల పక్కన కట్టిన ఒకటి రెండు అంతస్తుల ఇల్లు.

ఈ డిపోను అర్థం చేసుకోవడానికి శైలుల జాబితా ఒక్కటే చాలదు. స్థలమూ గోడలూ చివరికి గోడల మీది రంగూ రైల్వే కంపెనీ సొత్తు. అక్కడ ఉత్తరాలు అందుకునేది, పంట ఎక్కించేది, బిడ్డలను సైన్యంలోకి సాగనంపేది మాత్రం ఊరివారు. కట్టడం తమదని కంపెనీ లెక్కల పుస్తకాల్లో రాసుకోగా, స్టేషన్ తమదని ఊరు మనసులో రాసుకుంది. ఈ రెండు హక్కుల మధ్య దాదాపు నూట తొంభై ఏళ్లుగా నడుస్తున్న లాగులాటే అమెరికా డిపో ఆకారాన్నీ, దాని క్షీణతనూ, మిగిలినవాటి రక్షణనూ నిర్ణయించిందని ఈ విషయంపై వచ్చిన గ్రంథాలనూ, న్యాయస్థానాల తీర్పులనూ, కట్టడాలనూ కలిపి పరిశీలిస్తే స్పష్టమవుతుంది.

ముందుగా గ్రంథాల మాట. లీహై వ్యాలీ రైల్‌రోడ్డులో ఇంజనీరుగా పనిచేసిన వాల్టర్ బెర్గ్ 1893లో అమెరికా రైల్వేల కట్టడాలపై ప్రచురించిన బృహద్గ్రంథం డిపోలను నీటి తొట్లు, బొగ్గు గిడ్డంగులు, గ్యాంగు కూలీల ఇళ్లతో ఒకే వరుసలో పెట్టింది. కంపెనీ కంటికి డిపో ఎలా కనబడేదో చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు. 1916లో జాన్ డ్రోగీ రాసిన పుస్తకం పెద్ద టెర్మినళ్ల నిర్వహణను ఒక రైల్వే అధికారి అనుభవంతో వివరించింది. 1956లో కారల్ మీక్స్ తొలిసారి స్టేషన్‌ను వాస్తుకళా చరిత్రలో ఒక ప్రత్యేక ప్రక్రియగా నిలబెట్టాడు, కాని ఆయన దృష్టి ప్రధానంగా పెద్ద కట్టడాల మీద, అవి ఒక శైలి నుంచి మరొక శైలికి మారిన తీరు మీద ఉంది. పల్లె, పట్టణ డిపోలకు ప్రత్యేక గ్రంథం రావడానికి 1978 దాకా ఆగవలసి వచ్చింది: రోజర్ గ్రాంట్, చార్ల్స్ బోహీ కలిసి రాసిన ఆ పుస్తకం స్టేషన్ ఏజెంటు పనినీ కంపెనీల నమూనా పటాలనూ కేంద్రంగా తీసుకుంది. 1983లో జాన్ స్టిల్గో రైలుదారి వెంట ఏర్పడిన ప్రకృతినీ జీవనాన్నీ, 1985లో భూగోళ శాస్త్రవేత్త జాన్ హడ్సన్ మైదానప్రాంతపు ఊళ్ల నిర్మాణాన్నీ పరిశీలించాక గాని, స్టేషన్‌ను విడి కట్టడంగా కాక ఊరి పటంలో ఒక బిందువుగా చూడడం అలవాటు కాలేదు.

మొదటి రైళ్లకు స్టేషన్లే లేవు. గుర్రపుబళ్లు ఆగే సత్రాలలోనే టికెట్లు అమ్మేవారు, సత్రపు వసారాలే ప్రయాణికులు వేచి ఉండే చోట్లు. 1827లో సనదు పొందిన బాల్టిమోర్ అండ్ ఒహాయో కంపెనీ 1830 మే నెలలో బాల్టిమోర్ నుంచి 13 మైళ్ల దూరంలో ఉన్న ఎలికాట్స్ మిల్స్ అనే పిండిమరల ఊరికి రాకపోకలు ప్రారంభించి, ఆ మరుసటి ఏడాదికల్లా అక్కడ నల్లరాతితో ఒక కట్టడం పూర్తిచేసింది. నేడు అమెరికాలో మిగిలిన రైల్వే స్టేషన్లన్నిటిలోకీ పాతదిగా పేరొందిన ఆ కట్టడం మొదట ప్రయాణికుల కోసం కట్టింది కాదు, సరుకుల కోసం కట్టింది. రాబడి సరుకు మీద, ఆదరణ ప్రయాణికుడి మీద అన్న ఈ వైరుధ్యం తొలినాడే మొదలై అమెరికా రైల్వేలను ఎన్నడూ వదలలేదు.

1830, 1840 దశకాలలో న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో రైలు బండి కట్టడంలోపలికే వచ్చి ఆగే కొట్టాల వంటి స్టేషన్లు కట్టి చూశారు. పొగ, నిప్పురవ్వలు, కొయ్యకప్పు ఒకచోట చేరితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. క్రమంగా పట్టాలకు ఒక పక్కన, వాటికి సమాంతరంగా కట్టడం నిలిపే పద్ధతి స్థిరపడింది. పలు కంపెనీల దారులు కలిసే పట్టణాల్లో ఎవరి స్టేషన్ వారిదే కావడంతో ప్రయాణికులు సామాను మోసుకుని ఊరు దాటవలసి వచ్చేది. ఆ బాధకు విరుగుడుగా కంపెనీలన్నీ ఉమ్మడిగా వాడుకునే యూనియన్ స్టేషన్ అనే ఏర్పాటు 1853లో ఇండియానాపొలిస్‌లో మొదలై దేశమంతటా పాకింది.

పశ్చిమానికి వెళ్లేకొద్దీ వరుస తలకిందులవుతుంది: తూర్పున ఊళ్ల మధ్యకు రైలు వచ్చింది, పశ్చిమాన రైలు ఊళ్లను కన్నది. 1850 మొదలు 1871 వరకు ఫెడరల్ ప్రభుత్వం రైల్వేల కోసం సుమారు 13 కోట్ల ఎకరాల భూమిని దానం చేసింది. ఆ దానాలకు తెరతీసిన ఇల్లినాయ్ సెంట్రల్ కంపెనీ 1856 నాటికి 705 మైళ్ల దారి పూర్తిచేయగా, దానితో సంబంధమున్న వ్యాపారులు దారి పొడవునా ఒకే పటాన్ని, ఒకే వీధిపేర్లను తిరిగి తిరిగి వాడుతూ ఊళ్లు గీసి స్థలాలు అమ్మారు. నెబ్రాస్కాలో బర్లింగ్టన్ కంపెనీ 1870ల తొలినాళ్లలో ఇంకో అడుగు ముందుకు వేసి, క్రీట్, డార్చెస్టర్, ఎక్సెటర్, ఫెయిర్‌మాంట్, గ్రాఫ్టన్, హార్వర్డ్ అంటూ ఆంగ్ల అక్షరమాల వరుసలోనే స్టేషన్లకు పేర్లు పెట్టుకుంటూ పోయింది. ఊరు పుట్టకముందే పేరూ, పేరు కంటే ముందే స్టేషన్ స్థలమూ నిర్ణయమైపోయేవి.

ఇలా గీసిన ఊళ్ల పటాలను హడ్సన్ వర్గీకరించిన తీరు ఈ రంగంలో వచ్చిన అతి ఉపయోగకరమైన పనుల్లో ఒకటి. తొలి పటాల్లో పట్టాలు నడిమధ్య నుంచి పోయేవి, దుకాణాలు రెండు వైపులా వాటికి అభిముఖంగా ఉండేవి. ఊరు రెండు ముక్కలై, వీధి దాటడమే గండమయ్యేది. తరువాతి పటాల్లో ప్రధాన వీధి పట్టాలకు లంబంగా సాగి, సరిగ్గా వాటి దగ్గర ముగిసేది, వీధి ముగిసే చోట డిపో నిలిచేది. ఆంగ్ల అక్షరం 'టీ'ని పోలిన ఈ పటంలో దుకాణాల మధ్య నిలబడి ఎవరు తలెత్తినా ఎదురుగా కనిపించేది డిపోయే. కోర్టు కట్టడానికో చర్చికో దక్కవలసిన ఆ స్థానాన్ని ఒక ప్రైవేటు కంపెనీ గిడ్డంగి సంపాదించడం అమెరికా పట్టణపు విశేషం.

ఆ గిడ్డంగిని లోపలి నుంచి చూడడం అవసరం. బెర్గ్ వర్గీకరణలో అన్నిటికంటే చిన్నది జెండా డిపో: ఎవరైనా జెండా ఊపితేనే రైలు ఆగే చోట వాననుంచి తలదాచుకునే చిన్న పాక. దాని పైమెట్టు కాంబినేషన్ డిపో, అంటే ప్రయాణికుల గదినీ సరుకుల గదినీ ఒకే కప్పు కిందికి తెచ్చిన పొడవాటి కట్టడం. అమెరికా పట్టణాలలో అత్యధికం దీనితోనే సరిపెట్టుకున్నాయి. ఒక చివర వెయిటింగ్ రూం, రెండవ చివర పెద్ద తలుపుల సరుకు గది, రెండింటి నడుమ ఏజెంటు కార్యాలయం. ప్రయాణికులకు టికెట్టు కిటికీ గుండా, రైతులకు సరుకుగది తలుపు గుండా, రైలుకు ముందువైపు కిటికీ గుండా ఒకే మనిషి జవాబు చెప్పుకునేలా ఈ అమరిక కుదిరింది. జీతాల ఖర్చు తగ్గించాలన్న కంపెనీ లెక్కే ఇక్కడ వాస్తుశిల్పి.

ఆ ముందువైపు కిటికీ ప్రత్యేకంగా గమనించదగ్గది. గోడ నుంచి పట్టాల వైపు పొడుచుకు వచ్చి, మూడు ముఖాలకూ అద్దాలున్న ఆ కిటికీ అమెరికా డిపోకు దాదాపు ఆనవాలు. దాని వెనుక కథ టెలిగ్రాఫ్‌ది. 1851లో ఈరీ రైల్‌రోడ్డు అధికారి చార్ల్స్ మైనాట్ తంతి ద్వారా ఆజ్ఞ పంపి రైళ్ల రాకపోకలను మార్చిన తరువాత, ఒంటిదారి మీద ఏ రైలు ఎక్కడ ఆగి ఎదురు రైలుకు దారి ఇవ్వాలో దూరాన ఉన్న డిస్పాచరు నిర్ణయించి తంతి కొట్టడం, డిపోలోని ఏజెంటు దాన్ని కాగితం మీదికి ఎక్కించి రైలుకు అందించడం ఆనవాయితీ అయింది. తంతి యంత్రం ముందు కుర్చీ వదలకుండానే ఇరువైపులా పట్టాలను చూడగలిగితేనే ఆ పని సాగుతుంది. అందుకే ఆ కిటికీ. ఆగకుండా పోయే రైళ్లకు పొడవాటి కర్రకు తగిలించిన వలయంలో కాగితం చుట్టి, పరుగెత్తే ఇంజను సిబ్బంది చేతికి చిక్కేలా ఎత్తి పట్టుకునేవారు. వెడల్పాటి చూరు కూడా అందం కోసం పుట్టింది కాదు, ఎత్తైన ప్లాట్‌ఫారాలు లేని ఆ డిపోల్లో సామాను బండ్లూ మనుషులూ వానకూ మంచుకూ తడవకుండా ఉండడానికి పుట్టింది. ఆ చూరును మోసే ఏటవాలు కొయ్యలే తరువాత అలంకారంగా మారాయి. జనం పలుచగా ఉన్న మైదానాల్లో ఏజెంటుకు అద్దె ఇల్లు దొరకదు గనుక పై అంతస్తులో అతడి కుటుంబానికి చోటిచ్చారు, అందువల్ల రాత్రి రైళ్లకు వేరే మనిషి అక్కరలేకపోవడం కంపెనీకి కలిసొచ్చింది.

1865లో దాదాపు 35 వేల మైళ్లున్న రైలుదారి 1916 నాటికి సుమారు 2 లక్షల 54 వేల మైళ్లకు పెరిగిన దేశంలో, ప్రతి డిపోకూ విడిగా పటం గీయడం సాధ్యం కాదు. కంపెనీల ఇంజనీరింగ్ కార్యాలయాలు ప్రామాణిక నమూనాలు తయారుచేసి, వాటికి నంబర్లిచ్చి, ఊరి రాబడినిబట్టి ఏ నంబరు కట్టాలో నిర్ణయించేవి. సదరన్ పసిఫిక్ కంపెనీ 'కామన్ స్టాండర్డ్' పేరుతో రూపొందించిన పటాలు, ముఖ్యంగా 22వ నంబరు రెండంతస్తుల డిపో, ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పసుపు గోడలూ గోధుమరంగు అంచులూ కనిపిస్తే అది ఆ కంపెనీదేనని బాటసారికి తెలిసిపోయేది. ఒక ఊరి డిపో ఇంకో ఊరి డిపోకు అచ్చుపోసినట్లుండడాన్ని కొందరు విమర్శకులు పేదరికంగా లెక్కించారు. ఆ తీర్పు నిలబడదు. ఎక్కడ దిగినా టికెట్టు కిటికీ ఏ వైపున ఉంటుందో అపరిచితుడికి ముందే తెలియడం విశాలదేశంలో చిన్న సదుపాయం కాదు, ఒక కాగితంతో వంద ఊళ్లకు పనికొచ్చే కట్టడాన్ని సమకూర్చిన ఆ పేరులేని డ్రాఫ్ట్స్‌మన్ల నైపుణ్యం వాస్తుచరిత్రలో ఇంకా సరైన స్థానానికి నోచుకోలేదు.

అయితే నమూనా పటం సమాజపు వివక్షనూ అంతే కచ్చితంగా అచ్చువేసింది. ఉత్తరాదిన, పశ్చిమాన కొంచెం పెద్ద డిపోల్లో ఆడవారికీ మగవారికీ వేర్వేరు గదులుండేవి. చుట్టపొగ, ఉమ్మితొట్లు మగవారి గదికి పరిమితమని దాని భావం. దక్షిణ రాష్ట్రాల్లో 1880ల చివరి నుంచి వచ్చిన చట్టాలు, 1896లో రైలు పెట్టెల్లో జాతివిభజన చెల్లుతుందంటూ సుప్రీంకోర్టు ఇచ్చిన ప్లెసీ తీర్పు కలిసి, తెల్లవారికొక గది, నల్లవారికొక గది అన్న విభజనను కట్టడపు పునాదుల్లోకే దింపాయి. ఏజెంటు గది నడుమ నిలిచి, రెండు గదులవైపూ వేర్వేరు టికెట్టు కిటికీలు తెరిచేది. నల్లవారి గది తరచు చిన్నదిగా, సరుకుల గదికి దగ్గరగా ఉండేది. అంతర్రాష్ట్ర ప్రయాణికుల విషయంలో స్టేషన్లలో ఈ విభజన చెల్లదని ఇంటర్‌స్టేట్ కామర్స్ కమిషన్ 1955లో ఇచ్చిన ఆజ్ఞ మరుసటి ఏడాది జనవరిలో అమలులోకి వచ్చినా, చాలా ఊళ్లలో ఆచారం వెంటనే మారలేదు. నేడు మ్యూజియాలుగా మారిన దక్షిణాది డిపోల్లో కొన్ని ఆ రెండవ గదిని గుర్తించి వివరిస్తుండగా, కొన్ని నడిమి గోడ తీసేసి విశాలమైన విందుశాల చేసుకున్నాయి. పునరుద్ధరణ పేరుతో చరిత్రను చెరిపివేయడం అంటే ఇదే.

కంపెనీ ఇచ్చినదాన్ని ఊళ్లు నోరు మూసుకుని పుచ్చుకున్నాయనుకోవడం పొరపాటు. రైలు తమ మీదుగా పోవాలని బాండ్లు జారీచేసి, స్థలాలు దానమిచ్చి అప్పుల పాలైన పట్టణాలు, దానికి బదులుగా దొరికిన పాక లాంటి డిపోను చూసి రాష్ట్ర రైల్వే కమిషన్ల తలుపు తట్టేవి. మిన్నెసోటాలోని ఎమన్స్ అనే చిన్న ఊరిలో స్టేషన్ కట్టాలని రాష్ట్ర కమిషన్ ఆజ్ఞాపించగా, మినియాపొలిస్ అండ్ సెయింట్ లూయిస్ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1904లో ఓడిపోయింది. ఎమన్స్ డిపోకు వాస్తుగ్రంథాల్లో చోటుండదు, ఉండవలసినంత అందమూ దానికి ఉండకపోవచ్చు; కాని ప్రైవేటు ఆస్తి అయినా స్టేషన్ మీద జనానికి హక్కుందని దేశపు అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకున్న సందర్భంగా అది చాలా గొప్ప స్టేషన్ల కంటే ముఖ్యమైనది.

కంపెనీలు తమంతట తామే సౌందర్యం కోసం ఖర్చుపెట్టిన సందర్భాలూ లేకపోలేదు, వాటిలో అగ్రగణ్యం వాస్తుశిల్పి హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్ కృషి. మసాచుసెట్స్‌లోని బోస్టన్ అండ్ ఆల్బనీ కంపెనీ డైరెక్టర్లలో ఒకడైన వృక్షశాస్త్రజ్ఞుడు చార్ల్స్ స్ప్రేగ్ సార్జెంట్ రిచర్డ్‌సన్‌కు పొరుగువాడు. ఆ పరిచయం 1881లో ఆబర్న్‌డేల్ స్టేషన్‌తో మొదలై వరుస కట్టడాలకు దారితీసింది. గరుకు రాతి గోడలు, నేలను తాకుతున్నట్లు వంగిన భారీ కప్పు, వెడల్పాటి కమాను ద్వారం మాత్రమే ఉండి, గడియారపు బురుజుల ఆడంబరం దాదాపు లేని ఈ చిన్న స్టేషన్లు డిపో సహజగుణమైన చూరునే కళగా మలిచాయి. గోడలు వెనక్కి తగ్గి కప్పే కట్టడమైపోయిన ఫ్రేమింగ్‌హామ్ స్టేషన్‌లో ఈ ఆలోచన పరిణతి పొందింది. ఉద్యానశిల్పి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఈ స్టేషన్లలో కొన్నింటి చుట్టూ చెట్లూ పొదలూ నాటించి, రైలు దిగినవారు బొగ్గుకుప్పల మధ్యకు కాక తోటలోకి అడుగుపెట్టేలా చేశాడు. నార్త్ ఈస్టన్ స్టేషన్‌ను కట్టించినది మాత్రం అక్కడి పారల కర్మాగారపు యజమానుల కుటుంబానికి చెందిన ఫ్రెడరిక్ ఏమ్స్. కర్మాగారపు యజమాని, ఊరి పెద్ద, రైల్వే డైరెక్టరు ముగ్గురూ ఒక్కరే అయినప్పుడు ఖర్చుకు వెనకాడేవారుండరు. 1886లో రిచర్డ్‌సన్ మరణించాక అతడి వారసుల కార్యాలయం ఆ పనిని కొనసాగించింది, అతడి ముద్ర దేశమంతటా రాతి డిపోల రూపంలో కనబడింది. మిషిగన్ సెంట్రల్ కంపెనీకి స్పియర్, రోన్స్ అనే జంట 1886లో ఆన్ ఆర్బర్‌లో, 1892లో నైల్స్‌లో కట్టిన స్టేషన్లు ఆ ముద్రకు మంచి నిదర్శనాలు.

ఫిలడెల్ఫియా వాస్తుశిల్పి ఫ్రాంక్ ఫర్నెస్ దారి వేరు. ఇనుమునూ ఇటుకనూ దాచకుండా బయటపెట్టే అతడి పద్ధతికి విల్మింగ్టన్‌లో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో కట్టిన స్టేషన్ నేటికీ సాక్షి; పైన పట్టాలు, కింద వెయిటింగ్ రూం ఉండే ఆ స్టేషన్‌కు దాని చిరకాల ప్రయాణికుడైన జోసెఫ్ బైడెన్ పేరు 2011లో పెట్టారు. బాల్టిమోర్ అండ్ ఒహాయో కంపెనీకి ఫ్రాన్సిస్ బాల్డ్‌విన్ మేరీలాండ్‌లోని పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర రెండు దారులు చీలే కోణంలో నిలిపిన గోథిక్ బురుజు స్టేషన్ 1870ల నాటిది. స్థలపు ఇరుకునే సొగసుగా మార్చుకున్న కట్టడాల్లో దీనికి సాటి తక్కువ.

నైరుతి దిక్కున కథ పర్యాటకానిది. కాలిఫోర్నియాలోని బర్లింగేమ్‌లో 1894లో తెరిచిన స్టేషన్ స్పానిష్ క్రైస్తవ మఠాల రూపాన్ని అనుకరించిన తొలి శాశ్వత కట్టడాల్లో ఒకటి. దాని పైకప్పుకు పాత మఠపు పెంకులే వాడారు, ఖర్చును సదరన్ పసిఫిక్ కంపెనీతో పాటు స్థానిక సంపన్నులూ పంచుకున్నారు. రెండు హక్కులూ ఒక చెక్కు పుస్తకంలో కలిసిన అరుదైన ఘట్టమది. శాంటా ఫే కంపెనీ దారిలో 1876లో టొపీకా డిపోలో భోజనశాల తెరిచిన ఫ్రెడ్ హార్వే సంస్థ, క్రమంగా స్టేషన్‌నూ హోటల్‌నూ కలిపిన కట్టడాల పరంపర నిర్మింపజేసింది. వాటిలో అరిజోనాలోని విన్స్‌లోలో మేరీ కోల్టర్ రూపకల్పనలో 1930లో వెలిసిన లా పొసాడా చెప్పుకోదగినది. మూలవాసుల, స్పానిష్ వారి జీవితాన్ని తూర్పు ప్రయాణికులకు వినోదంగా అమ్మిన వ్యాపారం అందులో ఉందన్న విమర్శ న్యాయమైనదే; ఒక స్త్రీ వాస్తుశిల్పికి ఆ కాలంలో అంతటి స్వేచ్ఛ ఇచ్చిన పోషకులు మరెక్కడా పెద్దగా కనిపించరన్నదీ నిజమే.

1920లో అమెరికా రైళ్లెక్కినవారి సంఖ్య వంద కోట్లు దాటింది, తరువాత యుద్ధకాలంలో తప్ప ఆ వైభవం మళ్లీ రాలేదు. 1908లో మార్కెట్టులోకి వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారు, 1916 నుంచి రహదారులకు అందిన ఫెడరల్ నిధులు, 1956 నాటి అంతర్రాష్ట్ర హైవేల చట్టం రైలును ఒక్కొక్క మెట్టే దింపాయి. నష్టం వచ్చే రైళ్లను రద్దుచేసుకోవడాన్ని 1958 చట్టం సులభం చేసింది. 1967లో తపాలా శాఖ చాలా రైళ్ల నుంచి ఉత్తరాలను తప్పించడంతో మిగిలిన ఆధారమూ పోయింది. 1971 మే 1న ప్రయాణికుల రైళ్లను ప్రభుత్వ పోషణలోని ఆమ్‌ట్రాక్ సంస్థ స్వీకరించినప్పుడు, నడుస్తున్న రైళ్లలో దాదాపు సగం ఆగిపోయాయి, వాటితో వందల డిపోలు పనిలేనివయ్యాయి.

పనిలేని డిపో కంపెనీకి పన్ను కట్టవలసిన భారం, ఊరికి జ్ఞాపకం. నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ ఉదాహరణ ఈ తేడాను కఠోరంగా చూపుతుంది. 1941 డిసెంబరు నుంచి 1946 ఏప్రిల్ దాకా చుట్టుపక్కల ఊళ్ల స్త్రీలు రేషను రోజుల్లో కూడా తమ ఇళ్ల గుడ్లూ పాలూ కేకులూ తెచ్చి, పది పదిహేను నిమిషాలు ఆగే సైనిక రైళ్లలోని దాదాపు 60 లక్షల మందికి ఆ స్టేషన్‌లో ఉచితంగా ఫలహారం పెట్టారు. రైళ్లు ఆగిపోయిన కొద్దికాలానికే, 1970ల తొలినాళ్లలో, యూనియన్ పసిఫిక్ కంపెనీ దాన్ని కూల్చివేసింది. అది చట్టరీత్యా తప్పు కాదు. ఆ ఊరి సేవ అంతా పరుల గోడల మధ్య జరిగిందని అప్పుడుగాని తెలియలేదు.

న్యాయపరమైన మలుపు మాత్రం మహానగరంలోనే వచ్చింది. 1963లో మొదలైన పెన్సిల్వేనియా స్టేషన్ కూల్చివేత రేపిన ఆగ్రహం న్యూయార్క్ నగరపు 1965 కట్టడాల రక్షణ చట్టానికి ఊపిరి పోసింది. గ్రాండ్ సెంట్రల్ మీద ఎన్నో అంతస్తుల మేడ కట్టనీయలేదని దాని యజమాని పెన్ సెంట్రల్ కంపెనీ వేసిన వ్యాజ్యంలో 1978లో సుప్రీంకోర్టు నగరం పక్షాన నిలిచింది. ఈ తీర్పును ఆకాశహర్మ్యాల చరిత్రలో భాగంగా చదవడం పరిపాటి, కాని 1904 నాటి ఎమన్స్ తీర్పు పక్కన పెట్టి చదివితే దాని అసలు వంశం తెలుస్తుంది: మొదటిది ఊరి కోసం కట్టమని కంపెనీని నిర్బంధించింది, రెండవది ఊరి కోసం కూల్చకుండా కంపెనీని నిలువరించింది.

తీర్పు ఎంత ఘనమైనదైనా కప్పు కారితే బాగుచేయించదు. అందుకు డబ్బు రెండు దారుల్లో వచ్చింది. చారిత్రక కట్టడాలను బాగుచేసి వ్యాపారానికి వాడేవారికి 1981 చట్టం ఖర్చులో 25 శాతం పన్ను రాయితీ ఇవ్వగా, 1986లో అది 20 శాతానికి తగ్గింది. 1991 నాటి రవాణా చట్టం రాష్ట్రాలకు అందే ఒక రకం నిధుల్లో 10 శాతాన్ని సైకిలు బాటలు, చారిత్రక రవాణా కట్టడాలు వంటి పనులకు కేటాయించింది. మొదటి దారి డిపోలను భోజనశాలలుగా, హోటళ్లుగా మార్చింది. రెండవది పట్టణ ప్రభుత్వాల చేతికి తాళంచెవులిచ్చింది. మిసిసిపీలోని మెరిడియన్ పట్టణం 1906 నాటి స్టేషన్‌లో కూల్చగా మిగిలిన భాగాన్ని ఆధారం చేసుకుని, మేయర్ జాన్ రాబర్ట్ స్మిత్ చొరవతో 1997లో రైలుకూ బస్సుకూ ఉమ్మడి స్టేషన్ తెరిచి, దాని చుట్టూ పాత వ్యాపారవీధికి ప్రాణం పోయడం రెండవ దారికి పేరొందిన ఫలితం. నార్త్ కరొలైనాలోని హామ్లెట్ 1900 నాటి తన కొయ్య స్టేషన్‌ను పట్టాల అవతలికి జరిపించి మరీ కాపాడుకుంది.

మొదటి దారి ఫలితాలపై మెప్పు కొంత ఎక్కువైందనే చెప్పాలి. టెనెసీలోని చట్టనూగాలో 1909 నాటి టెర్మినల్ స్టేషన్ 1973లో హోటలుగా మారి కూల్చివేత నుంచి తప్పించుకుంది. కాని ఆ నగరానికి ప్రయాణికుల రైలు నేటికీ తిరిగి రాలేదు. ఆన్ ఆర్బర్‌లో 1970 నుంచి రాతి స్టేషన్‌లో భోజనశాల నడుస్తుండగా, రైలు ప్రయాణికులు ఆ పక్కనే తరువాత కట్టిన చిన్న సాదా కట్టడంలో వేచి ఉంటారు. గోడలు దక్కాయి, స్టేషన్ దక్కలేదు. కనెటికట్‌లోని న్యూ లండన్‌లో రిచర్డ్‌సన్ చివరి స్టేషన్ 1970లలో కూల్చివేత అంచుల నుంచి బయటపడి ప్రైవేటు యాజమాన్యంలోకి వెళ్లినా, రైళ్లు ఆగుతూ ఉండడం వల్ల తన పనిని పోగొట్టుకోలేదు. ఈ మూడింటిలో అనుసరించదగ్గది ఇదే.

ఆమ్‌ట్రాక్ తానుగా కట్టిన స్టేషన్లు మరొక అధ్యాయం. 1978లో ఆ సంస్థ ప్రయాణికుల సంఖ్యనుబట్టి కొన్ని పరిమాణాల ప్రామాణిక నమూనాలు ప్రకటించి, సమతలపు కప్పుతో ఇటుక పెట్టెల వంటి కట్టడాలు నిలిపింది. ప్రయాణికులు వాటికి 'ఆమ్‌షాక్' అని, అంటే ఆమ్‌ట్రాక్ గుడిసె అని వెటకారంగా పేరు పెట్టారు. విచిత్రమేమంటే ఇవి కూడా నంబరు పటాల సంతానమే. తేడా అంతా స్థలంలో ఉంది: పాత డిపో వీధి చివర నిలిచి ఊరివైపు చూసేది, ఇవి కార్లు నిలిపే మైదానం వైపు చూస్తాయి. కారు దిగి రైలెక్కే ప్రయాణికుడి కోసమే మసాచుసెట్స్‌లో 1953లో రూట్ 128 స్టేషన్, న్యూ జెర్సీలోని ఐసిలిన్‌లో 1971లో మెట్రోపార్క్ పుట్టాయి. ఎడిసన్ పరిసరాల్లో స్థిరపడి న్యూయార్క్ ఉద్యోగాలకు వెళ్లివచ్చే తెలుగువారికి రోజూ పరిచయమైన ఈ మెట్రోపార్క్‌కు చుట్టూ ఊరంటూ లేకపోవడం లోపం కాదు, అది రూపకల్పనలోని ఉద్దేశమే.

ఇప్పటి చిక్కు యాజమాన్యం ముక్కలు కావడం. ఆమ్‌ట్రాక్ రైళ్లు ఆగే 500కు పైగా స్టేషన్లలో ఆ సంస్థ సొంతవి కొన్నే; ఒకే స్టేషన్‌లో కట్టడం పట్టణానిది, ప్లాట్‌ఫారం సరుకు రవాణా కంపెనీది, కార్లు నిలిపే స్థలం ఇంకొకరిది కావడం మామూలు. వికలాంగులందరికీ అందుబాటులో ఉండేలా స్టేషన్లను 2010 జులైలోగా మార్చాలని 1990 చట్టం విధించిన గడువు దాటిపోయి, 2020 డిసెంబరులో న్యాయశాఖతో ఆమ్‌ట్రాక్ ఒప్పందం కుదుర్చుకోవలసి రావడానికి ఈ చీలిక ఒక ముఖ్యకారణం. చక్రాల కుర్చీకి వాలుదారి వేయాలన్నా ముగ్గురి సంతకాలు కావాలి.

ఈ రంగంలో ఇకముందు జరగవలసిన పని అందమైన ముఖభాగాల ఫొటోలతో మరొక పుస్తకం వేయడం కాదు. ఏ ఊరి డిపోకు ఏ నంబరు పటం ఎందుకు దక్కింది, ఊరివారు ఏమని అర్జీ పెట్టుకున్నారు, కంపెనీ ఏమని బదులిచ్చింది, నల్లవారి వెయిటింగ్ రూం ఎంత కొలతలో కట్టారు అన్న ప్రశ్నలకు జవాబులు కంపెనీల ఉత్తర ప్రత్యుత్తరాల్లోనే వెతకాలి. ఇల్లినాయ్ సెంట్రల్, బర్లింగ్టన్ కంపెనీల పాత కాగితాలు షికాగోలోని న్యూబెరీ గ్రంథాలయంలోనూ, గ్రేట్ నార్తర్న్, నార్తర్న్ పసిఫిక్ కంపెనీలవి మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీలోనూ పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి.